కూలింగ్ పేపరు వేసిన గుమ్మం

అమలాపురంలో నేను పనిచేసేది మ్యాచింగ్ సెంటరులో. మేము చీరలు అమ్మం. చీర మీదికి జాకెట్టు ముక్క, లోపలికి లైనింగు, అంచుకు ఫాలు, ఇవే మా సరుకు. గోడ నిండా కింద నుంచి పైదాకా గుడ్డ తాన్లే. ఒక్క ఆకుపచ్చలోనే చిలకాకుపచ్చ, మామిడాకు రంగు, నాచు రంగు, రామాగ్రీను అని అర గోడ ఉంటుంది. కొత్తగా చేరిన అమ్మాయిలకు అవన్నీ ఒకటే. చీర కౌంటరు మీద పరిచీ పరచకముందే నా చెయ్యి వెళ్లి సరైన తానును లాగేది. నా వంట అంతంతమాత్రం. నా నోరు మంచిది కాదని మా అత్తగారు బతికినన్నాళ్లూ చెప్పారు, అందులో అబద్ధమూ లేదు. రంగు విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. నాకున్నది ఆ ఒక్క గొప్పే. మా ఇల్లు సగం నడుస్తున్నది కూడా దాంతోనే.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ట్యూబులైటు కింద కలిసిన రంగును ఎవరూ నమ్మరు. చీర కొంగు ఒక చేత్తో, తాను కొస ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి పగటి వెలుగులో చూడాలి. చూసి, "ఆయ్, కలిసిందండి" అని వాళ్ల నోటితో వాళ్లు అన్నాకే ముక్క కోస్తాం. ఒకసారి కోశాక వాపసు లేదు. గుమ్మంలో చూసుకున్నారు కదా, ఇంక మాట ఏముంటుంది?

ఆ గుమ్మం పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా లోపలికి వచ్చి తాన్ల మడతల మీద పడేది. మడత పైకి ఉన్నచోట రంగు వెలిసిపోయి, విప్పితే చారలు కనపడేవి. కిందటేడు ఎండాకాలం మా షావుకారు గారు విసిగిపోయి, ముందంతా అద్దం పెట్టించి, ఏసీ వేయించి, ఆ అద్దానికి కూలింగ్ పేపరు అంటించారు. అంటించడానికి రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చాడు. అద్దం మీద సబ్బు నీళ్లు చల్లి, పేపరు పరిచి, రబ్బరు పట్టీతో నీళ్లు బయటికి నెట్టాడు. బుడగ అన్నది లేకుండా అతుక్కుపోయింది.

"లోపల్నించి చూస్తే అసలు వేసినట్టే తెలీదండి. వేడి ఒక్కటే ఆగుద్దండి" అన్నాడు.

నిజంగానే లోపలికి ఏమీ తెలియలేదు. బయటికి మాత్రం నీలంగా అద్దంలా మెరిసేది. రోడ్డున పోయేవాళ్లు ఆగి, జుట్టు సర్దుకుని, పళ్లు చూసుకుని పోయేవారు. లోపల మేమంతా చూస్తున్నామని వాళ్లకు తెలియదు. మొదటి వారం మాకు అదే కాలక్షేపం. ఒకాయన మీసం దువ్వుకోవడం చూసి మా అమ్మాయిలు నవ్వలేక చచ్చారు.

తర్వాత కొత్తపేట నుంచి టీచరు గారు వచ్చారు. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే కొనే మనిషి, గట్టిగా ఒక్క మాట అని ఎరగరు. సంచిలోంచి చీర, మేమిచ్చిన జాకెట్టు ముక్క తీసి కౌంటరు మీద పెట్టారు.

"ఏం అనుకోకండి. ఇంటికెళ్లి చూసుకుంటే ఇది చీర మీదికి నప్పలేదండి. కాస్త నాచు రంగులో ఉందండి."

నాకు ఒళ్లు మండింది. "గుమ్మంలో చూసేరు కదండీ. మీరే కలిసిందన్నారు."

"ఆయ్, అన్నానండి. అందుకే నాకూ అర్థం కావట్లేదు."

ఇద్దరం గుమ్మం దగ్గరికి వెళ్లి అద్దానికి దగ్గరగా పట్టుకుని చూశాం. అచ్చంగా కలిసింది. టీచరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇక్కడ బాగానే ఉందండి. పొరపాటు నాదేనేమో" అంటూ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. మీ ఇంట్లో లైటు మార్చండని వెనకనుంచి నేను ఉచిత సలహా కూడా ఇచ్చాను.

వారం తిరక్కుండా ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇంకొకరు. ఒకరికి ఉల్లిపొర రంగు ఇస్తే ఇంటికి వెళ్లేసరికి గంధం రంగయిందట. ఒకరికి వంగపండు రంగు ఇస్తే నేరేడు రంగయిందట. అందరూ షాపులోకి తెచ్చి చూపిస్తే కలిసే ఉంటుంది. అందరూ నావైపు జాలిగా చూసి, సారీ చెప్పి వెళతారు. నాకు మతి పోయింది. దారిలో రంగు మారే గుడ్డ ఎక్కడైనా ఉంటుందా?

ఇక నా కళ్ల మీద నాకే అనుమానం మొదలైంది. కూర తరుగుతూ తోటకూరను చూస్తే ఇది ఏ పచ్చ అని ఆగిపోయేదాన్ని. మా ఆయన మస్కట్ నుంచి వచ్చేశాక ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నారు. ఆయనతో చెబితే, లేచి దండెం మీది లుంగీ పట్టుకొచ్చారు.

"ఇదేం రంగో చెప్పు."

"నీలం."

"ఇది?"

"తువ్వాలు. తెలుపు. తెలుపనేది మీ ఉద్దేశంలో, ఉతికి ఎన్నాళ్లయిందో."

"నీ కళ్లూ బాగానే ఉన్నాయి, నోరూ బాగానే ఉంది. పడుకో" అన్నారు.

అయినా మనసు ఒప్పుకోక కళ్లజోళ్ల షాపుకు వెళ్లాను. ఆ షాపు అద్దానికీ కూలింగ్ పేపరే. గోడ మీది నల్ల అక్షరాలన్నీ చదివించి, దగ్గర చూపుకు తప్ప నంబరు మారలేదన్నారు. రంగుల గురించి ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక నేనూ ఎత్తలేదు. ఊళ్లో ఎటు చూసినా అప్పటికే ఈ పేపరే. బ్యాంకుకు వేశారు, ఆసుపత్రికి వేశారు, మండలాఫీసు కిటికీలకూ వేశారు. బ్యాంకులో నా ముందు నిలబడ్డావిడ చీర ఆనందబ్లూనో నెమలికంఠమో తేల్చుకోలేక, ఆవిడ వెనకే రోడ్డు మీదికి నడిచి, ఎండలో చూసి మళ్లీ లైనులో చివర నిలబడ్డాను. ఏది నిజం రంగో నాకు అంతుపట్టలేదు. నవ్వుతున్నారా? నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగిపోతే ఉడికిపోతామని అద్దం తలుపు తెరిచి, దానికి చెక్క అడ్డం పెట్టాం. నేను ఒక చిలకాకుపచ్చ తాను చుడుతూ గుమ్మంలో కూర్చున్నాను. తాను కొస మెట్టు మీదికి జారింది. మెట్టు మీద ఎండలో ఉన్న గుడ్డ ఒక రంగు. అద్దం వెనక ఉన్న గుడ్డ ఇంకో రంగు. ఒకే తాను. కొస లోపలికి లాగాను, రంగు మారింది. బయటికి తోశాను, మారింది. చిన్నపిల్లలా ఎన్నిసార్లు అలా లాగానో! ఇన్నాళ్లూ మేమంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నది పగటి వెలుగు కానే కాదు. ఆ నీలం పేపరు వడకట్టి లోపలికి పంపిన వెలుగు.

షావుకారు గారిని పిలిచి చూపించాను. నా గొంతు వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది.

"నా కళ్లు కాదండి. మీ పేపరండి. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేసింది ఇది."

ఆయన చాలాసేపు ఆ గుడ్డ వంకే చూశారు. "తాన్లు మళ్లీ వెలిసిపోతాయమ్మా" అని ఒక మాట అన్నారు, అంతే. ఆ మర్నాడే పేపరు పీకించారు. ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారా అని నాకు ఆశ్చర్యమేసింది. అద్దం మీద మిగిలిన జిగురును నేనే కొంగు దోపుకుని బ్లేడుతో గీకాను. ఆ రాత్రి ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాను.

రెండు రోజులు పోయాక టీచరు గారు వచ్చారు. ఈసారి ఆవిడ రిటైర్మెంటు సభకు కట్టుకునే పట్టుచీర తెచ్చారు, నెమలికంఠం రంగుది. ఆవిడను చూడగానే నాకు పండగలా ఉంది. పేపరు కథంతా చెప్పి, "పాత ముక్క సంగతి మర్చిపోండి, తప్పు నా మీద పెట్టకండి" అన్నాను. ఆవిడ నవ్వి తలూపారు. నా చెయ్యి దానంతట అది వెళ్లి తాను లాగింది. అద్దం కూడా ఎందుకు, మెట్టు దిగి రోడ్డు పక్క నిండు ఎండలో రెండూ కలిపి పట్టుకున్నాను. అచ్చంగా ఒకటే.

"ఏమంటారండి?" అన్నాను.

టీచరు గారు ఒక్క క్షణం ఆలస్యం చేశారు.

"ఆయ్. బాగుందండి. ఇచ్చెయ్యండి."

ఆ క్షణం ఆలస్యం నాకు నచ్చలేదు. ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ చీర వైపు చూడడం లేదు, నావైపు చూస్తున్నారు, షాపులోకి వచ్చి సారీ చెప్పిపోయినవాళ్లు చూసినట్టే.

"కలవలేదా అండీ?"

"పర్లేదండి. దగ్గర్లోనే ఉంది. ఎవరు చూస్తారండి."

"టీచరు గారూ, నిజం చెప్పండి. ఇంతకుముందు కూడా ఇలా పట్టుకెళ్లేరా? పేపరు వెయ్యకముందు?"

ఆవిడ కొంగు సర్దుకున్నారు. "ఏదో ఒకటి రెండుసార్లండి. మీరు అంత నమ్మకంగా ఇస్తుంటే ఎలా కాదంటామండి? మొన్నటిది మరీ తేడాగా ఉండబట్టి వచ్చేను."

షావుకారు గారి కోసం చూశాను. ఆయన అటు తిరిగి, సర్దిన తాన్లనే మళ్లీ సర్దుతున్నారు. అప్పుడు నాకు భయమేసింది. ఎండ నెత్తిమీద ఉంది, మధ్యలో ఏ అద్దమూ లేదు. వచ్చిన ఫిర్యాదుల్లో పేపరువి ఎన్నో, నావి ఎన్నో ఇప్పుడెవరు చెబుతారు? గుమ్మంలో నిలబడి ఇన్నేళ్లూ ఆయ్ అన్నవాళ్లలో ఎంతమంది నా మొహం చూసి అన్నారు?

"మీరే తియ్యండి టీచరు గారూ" అన్నాను. "నాకు తెలీడం లేదండి." ఆ షాపులో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి.

ఆవిడ వద్దు వద్దంటూనే లోపలికి వెళ్లి, గోడలోంచి ఇంకో తాను తీసుకొచ్చారు. నా తాను పక్కనే దాన్ని పెట్టి, పైన చీర కొంగు పరిచారు. "ఇదిగోండి, ఇప్పుడు కలిసింది" అన్నారు మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు.

నేను వంగి చూశాను. ఆవిడ తీసిన తానూ నేను తీసిన తానూ నాకు ఒకటే రంగులో ఉన్నాయి.