బాజీ పేరున ఉన్న కారు

రిజ్వానా వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టింది. కంప్యూటర్ తెరమీద ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు వచ్చాయి: అనర్హురాలు, కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉంది. వరుసలో వెనక నిలబడ్డ ఆడపిల్లలు అది చదివి పకపకా నవ్వారు. "ఏందే, కారు కొన్నారంట, చెప్పనేలేదు. రేపటినుంచి మమ్మల్ని కూడా ఎక్కించుకో" అంది ఒకతె. "మా నాన్న మోటారు సైకిలుకి స్టాండే లేదు, గోడకి ఆనిస్తాడు" అని రిజ్వానా కూడా నవ్వింది. తప్పు ఎక్కడో పడింది, సరిచేస్తారు అనుకున్నారంతా. నేనూ నవ్వబోయాను. అంతలో రిజ్వానా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "మేడం, ఎవరి పేరున ఉందో చూపిచ్చుద్దా?" అని మెల్లగా అడిగింది. ప్రమాదం ఉందని నాకు తోచింది ఆ క్షణంలోనే. లేని కారుకి పేరు అడగరు.

అప్పటికి నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా చేరి రెండేళ్లు దాటింది. ఇప్పుడా ఉద్యోగం లేదు. మా ఆయనకి గుంటూరు బదిలీ కావడంతో మానేశాను. పిల్లలు పడుకున్నాక, ఆ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా కాలేజీలో అందరికంటే పైన కరస్పాండెంటు, అంటే యజమాని. ఆయన కింద ప్రిన్సిపాల్, ఆ తర్వాత మేం. పాఠాలతోపాటు తలా ఒక అదనపు పని ఉండేది. నాకు పడింది స్కాలర్‌షిప్ ఇన్‌చార్జి పని. కామర్స్ వాళ్లకి లెక్కలు వచ్చు కదా అని ఎప్పుడూ మాకే అంటగట్టేవారు.

మా దగ్గర చదివే పిల్లల్లో చాలామందికి ఫీజు ప్రభుత్వమే కడుతుంది. దాన్ని ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు. మొదటేడు వచ్చింది కదా అని మూడేళ్లూ రాదు. ప్రతి ఏడాదీ పిల్ల వచ్చి వేలిముద్ర వేయాలి, ఆ ఇంటి పేదరికం మళ్లీ రుజువు కావాలి. పొలం, కరెంటు వాడకం, పట్నంలో స్థలం, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, కారు. వీటిలో ఏ ఒక్కటి అడ్డుపడినా ఇల్లు మొత్తం అనర్హమే. ఆ నిర్ణయం కాలేజీ చేతిలో ఉండదు. రవాణా శాఖ నుంచి, కరెంటు ఆఫీసు నుంచి వివరాలు వాటంతటవే వచ్చి కలుస్తాయి. అనర్హమని వచ్చిన పిల్ల ఫీజు తానే కట్టుకోవాలి. కట్టకపోతే మా కాలేజీలో పరీక్షకి హాల్‌టికెట్ ఇచ్చేవారు కాదు. అలా ఆగిపోయిన మగపిల్లలు ఏదో పని చేసుకుని ఏడాది తర్వాతైనా వచ్చేవారు. ఆడపిల్ల తిరిగి రావడం నేను చూడలేదు. ఆ ఏడాదిలోనే ఎక్కడో ఒక సంబంధం కుదిరిపోయేది. రిజ్వానా అప్పుడు రెండో సంవత్సరం బీకాం. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి.

మర్నాడు ఆమె తండ్రి బాజీ వచ్చాడు. నాదెండ్ల మండలంలో ఒక ఊళ్లో మోటారు సైకిళ్లు, పురుగుమందు స్ప్రేయర్లు బాగుచేస్తాడు. లోపలికి రమ్మన్నా రాకుండా స్టాఫ్ రూము గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. కారు ఉన్నమాట నిజమే. అది ఊళ్లో పంచాయతీ మాజీ ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారిది. రిజ్వానా మొదటేడు వేలిముద్ర వేశాక కొన్నారు, కొన్నప్పుడే బాజీ పేరున రాయించారు.

మా వైపు ఇది వింతేమీ కాదు. పెద్ద రైతులు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు కొందరు బండిని నమ్మకస్తుడి పేరున తీసుకుంటారు. ఆస్తి లెక్కల్లో తమ పేరు తేలిగ్గా ఉంటుంది. ఎన్నికలప్పుడు ఆ బండి ఎక్కడ కనబడినా తమది కాదనొచ్చు. పేరిచ్చినవాడికి పైసా రాదు. పదిమందిలో పరువు మాత్రం వస్తుంది.

"నా పేరున రాయించిన రోజు మా ఇంట్లో సేమియా వండుకున్నాం మేడం. ఇంతమంది ఉండగా నన్ను నమ్మాడు గదా అని" అన్నాడు బాజీ.

మరి ఇప్పుడు మార్పించమని అడగండి అన్నాను.

"ఎట్టా అడిగేది? మనిషి చానా మంచోడు. మా అమ్మ పోతే ఆస్పత్రి నుంచి అదే కార్లో ఇంటికి తెచ్చిచ్చాడు."

తండ్రి అడగలేడని కూతురికి కూడా అర్థమైంది. "మీరు వస్తే నేనడుగుతా మేడం" అంది.

వాళ్ల ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయికి ఫోన్ చేసి నిబంధన కనుక్కున్నాను. దారులు రెండే. కారు ఇంకొకరి పేరుకి మారాలి, లేదా ట్యాక్సీ కావాలి. బతుకుతెరువుకి నడిపే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్న ఇంటికి మినహాయింపు ఉంది. గడువు నెలాఖరు. ఈ రెండు దారులూ బాజీకి చెప్పాను. రాజకీయాల వాళ్ల ఇళ్లకి మనం వెళ్లడం మంచిది కాదని ప్రిన్సిపాల్ గారు హెచ్చరించారు. నేను ధైర్యస్తురాలిని కాను. పిల్లల్ని ఆటో ఎక్కించి, బడికి చేరారా లేదా అని రెండుసార్లు ఫోన్ చేసే మనిషిని. అయినా ఆదివారం బస్సెక్కాను.

బాజీ, రిజ్వానా నన్ను తీసుకెళ్లేసరికి వెంకట్రామయ్య గారు వరండాలో మిర్చి బేరగాళ్లతో మాట్లాడుతున్నారు. నాకు మర్యాదగా కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించారు. సంగతి విని నవ్వారు. "ఒరేయ్ బాజీ, ఈ మాత్రం దానికి మేడం గార్ని ఇంత దూరం తీసుకొచ్చావా? నాతో ఒక ముక్క చెప్తే పోయేది గదరా. రేపే మార్పిస్తా. మా కోటేశు పేరున రాయిస్తాలే." కోటేశు ఆయన పొలం పనులు చూసే మనిషి. గేదెలకి గడ్డి వేస్తున్నవాణ్ని కేకేసి, "ఏరా, కారు ఓనరువి అయిపోతున్నావు, ఆ చొక్కా మార్చుకో" అన్నారు. కోటేశు సిగ్గుపడుతూ నవ్వాడు.

నా గుండె తేలికపడింది. లేవబోయాను. రిజ్వానా కదల్లేదు.

"కోటేశు మామ కూతురు ఇంటర్ చదువుతా ఉంది తాతా. రేపు అది కూడా డిగ్రీకి రావాల."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలేవే."

"అప్పుడది వచ్చి ఇట్టానే మీ వరండాలో కూర్చోవాల. ఆ వారం మీరు ఊళ్లో ఉంటారో ఉండరో."

"అయితే ఏం చేయమంటావే?"

"మీ కారు మీ పేరునే పెట్టుకోండి తాతా."

బేరగాళ్లలో ఒకాయన తల వంచుకుని ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. వెంకట్రామయ్య గారి మొహంలో నవ్వు పోలేదు గాని బిగుసుకుంది. "కాలేజీలో బాగానే నేర్పుతున్నారురా నీ కూతురికి" అన్నారు బాజీతో, నన్ను చూస్తూ. సరే, కోటేశు పేరునే రాయించండి అని రిజ్వానా అంటే చాలు, ఆమె చదువు నిలబడుతుంది. ఆ మాట అనలేదు.

అప్పుడు బాజీ నోరు విప్పాడు. "పోనీ బాబాయ్, ఇంకో దారి ఉందంట. ట్యాక్సీ చేస్తే సరిపోద్దంట. కాగితాల్లో ఓనర్ని నేనేగా, నేనే సంతకం పెడతా. పసుపు నంబరు బోర్డు పెట్టిద్దాం. నీ పనేమీ ఆగదు, ఎప్పటిలాగే తిరుగు."

బాజీ ఎత్తిపొడుపుగా అనలేదు. ఎవరికీ ఇబ్బంది లేని దారి దొరికిందని నిజంగానే సంబరపడుతున్నాడు. బేరగాళ్లు మాత్రం నవ్వాపుకోలేకపోయారు. "ప్రెసిడెంటు గారూ, చిలకలూరిపేటకి మనిషికెంత?" అన్నాడొకడు.

"నోర్ముయ్యండెహె" అన్నారాయన. పసుపు బోర్డు కారులోంచి ఏదో పెళ్లి పందిరి ముందు దిగుతున్నట్టు ఆయన కళ్లకి కట్టి ఉంటుంది.

ఆ వారంలోనే కారు, కోటేశు పేరుకి కాకుండా, ఆయన భార్య పేరుకి మారింది. ఆ మార్పు రవాణా శాఖ నుంచి సచివాలయం దాకా వచ్చేవరకు నేను రోజూ పొద్దునే ఫోన్ చేసి విసిగించాను. గడువు లోపలే రిజ్వానా మళ్లీ వేలు పెట్టింది, పేరు అర్హుల్లోకి వచ్చింది. ఆ ఏడాది పరీక్షలు రాసింది, తర్వాతి ఏడాదివీ రాసింది.

పేరు సరయిన రోజు సాయంత్రం కరస్పాండెంటు గారు పిలిచి మెచ్చుకున్నారు. అసలీ జల్లెడ పట్టడమే మానేసి డిగ్రీ చదువు అందరికీ ఉచితం చేస్తే పోతుంది కదండీ అన్నాను. "అందరికీ అంటే ఆ ప్రెసిడెంటు మనవడిక్కూడానా అమ్మా? ఉన్నోడి దగ్గర తీసుకోకపోతే లేనోడికి పెట్టేదెవరు?" అన్నారాయన. ప్రశ్న న్యాయమైనదే. ఉన్నవాడి దగ్గర పన్నుగా తీసుకోవాలి, కాలేజీ గుమ్మం దగ్గర కాదు అన్నాను. "మీరు చెప్పేది కామర్స్, ఎకనామిక్స్ కాదు" అని నవ్వి టీ తెప్పించారు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. పేదరికం రుజువు చేసుకోమన్నంతకాలం పలుకుబడి ఉన్నవాడు తన ఆస్తిని ఇంకొకడి పేరుకి నెట్టగలడు, ఆ బరువు చివరికి ఒక పిల్ల చదువు మీద పడుతుంది. ఒక పిల్లని ఆ బరువు నుంచి తప్పించడానికి ఇంత తిరగాల్సి వచ్చింది. మిగతావాళ్ల ఇళ్లకి ఎవరు వెళ్తారు? కాలేజీ చదువు ప్రభుత్వ ఖర్చుతో, ఏమీ అడగకుండా, అందరికీ ఉండాలి. ప్రెసిడెంటు మనవడు కూడా అదే బెంచీ మీద కూర్చుంటే, అది విరిగినప్పుడు గట్టిగా అడిగేవాడు ఒకడు ఉంటాడు. మా ఇంటి సంగతీ అంతే. మా ఆయన జీతంలో పన్ను కోస్తారు, కాబట్టి మా పిల్లలు ఇప్పటినుంచే అనర్హులు. వాళ్ల కాలేజీకి మేమేం చేయగలమో ఆ రాత్రి ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు పొద్దున జడలు వేస్తుంటే, మున్సిపల్ స్కూల్లో రెండో తరగతి చదువుతున్న మా పెద్దది, "రిజ్వానా అక్క వాళ్లు పేదోళ్లా అమ్మా?" అని అడిగింది. నా ఫోన్ మాటలు విని ఉంటుంది. "మరి మనం?" అన్నాడు చిన్నవాడు.

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను: "మిమ్మల్ని బడిలో చేర్చుకున్నప్పుడు టీచరు మీ పేరు అడిగింది, వయసు అడిగింది. పేదోళ్లా, ఉన్నోళ్లా అని అడిగి చేర్చుకోలేదు. కాలేజీలో కూడా అంతే అడగాలి. ఇప్పుడు అట్లా లేదు. మీరు పెద్దయ్యేలోపు అట్లా చేయమని నేను అడుగుతూనే ఉంటాను. అప్పటికీ చేయకపోతే, మీరు సిగ్గుపడకుండా అడగండి. మీ ఒక్కరి కోసం కాదు, పక్కన కూర్చున్నవాళ్ల కోసం కూడా అడగండి."