విండ్సర్ గాల్లో ఆముదం వాసన

మా చెల్లెలు మాధవి ఒంటరిగా యుద్ధవిమానం నడపబోతోందని తెలియగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "కొబ్బరికాయ ఎవరు కొడతారు?" అని. ఆ బాధ్యత నెత్తిన వేసుకుని నేను కెనడాలో మేముండే ఏజాక్స్ నుంచి, తనుండే విండ్సర్‌కి బయల్దేరాను.

యుద్ధం అనగానే కంగారు పడకండి. అది మొదటి ప్రపంచయుద్ధం నాటి రెండంతస్తుల రెక్కల విమానానికి నకలు. ఇంజిన్ మాత్రం ఆనాటిదే. మాధవి కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఏళ్ళ తరబడి వారాంతాలన్నీ ఊరి బయట ఓ చిన్న విమానాల మ్యూజియంలో, తనలాంటి వాలంటీర్లతో కలిసి దాన్ని కట్టడంలోనే గడిపింది. దాన్ని నడపడం, నేర్పడం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్క డగ్ గారే. మాధవికి నేర్పిందీ ఆయనే. ఆయన వయసు మీదపడి ఎగరడం మానేశారు. వచ్చే వారం కూతురి దగ్గరికి, పశ్చిమ తీరానికి వెళ్ళిపోతున్నారు. శనివారం ఆయన కళ్ళముందు మాధవి ఎగిరి క్షేమంగా దిగాలి. లేదంటే ఆ విమానం ఇక జన్మలో నేల వదలదు, మ్యూజియంలో బొమ్మై నిలబడుతుంది.

శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, పదిన్నరకల్లా లోకల్ రైలెక్కాను. యూనియన్ స్టేషన్లో విండ్సర్ రైలు మారాలి. మీరూ వెళ్ళేట్టయితే తిండి ఇంటినుంచే తీసుకెళ్ళండి. రైల్లో అమ్మే శాండ్‌విచ్ చల్లగా, నిర్మొహమాటంగా ఉంటుంది. నేను పులిహోర డబ్బా తెరవగానే పక్క సీటు కుర్రాడు తలెత్తాడు. కరీంనగర్ వాడు, విండ్సర్లో చదువుకుంటున్నాడు. సగం పులిహోర అతనికిచ్చి, వెళ్తున్న పని చెప్పాను.

"వంద యేండ్ల కిందటి లడాయిల మనోళ్ళు గూడ విమానాలు నడిపిండ్రా అన్నా?" అన్నాడు.

నడిపారని చెప్పాను. కెనడా నుంచి స్వచ్ఛందంగా వెళ్ళిన కుర్రాళ్ళు ఎందరో కందకాల బురదలోంచి విమానాల్లోకి మారారు. మనవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఇంగ్లండులో చదువుకుంటూ చేరతామని వెళ్తే మొదట వద్దు పొమ్మన్నారు. వాళ్ళు వదల్లేదు. పట్టుబట్టి చేరారు, పారాచ్యూట్ కూడా లేకుండా ఎగిరారు, శత్రు విమానాలను కూల్చారు.

"గంత మొండోళ్ళా," అన్నాడతను మెచ్చుకోలుగా. లండన్ దాటేదాకా ఫోన్లో వాళ్ళ ఫొటోలు వెతుకుతూనే ఉన్నాడు. ఇది మన ఒంటారియో లండన్ లెండి.

సాయంత్రం స్టేషన్‌కి మాధవే కారులో వచ్చింది. విండ్సర్లో కారు లేకపోతే అడుగు కదలదు, ముందే ఎవరినైనా మాట్లాడుకోండి. రాత్రి నాకు కొసరి కొసరి వడ్డించింది గానీ తను మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"భయమా?" అన్నాను.

"ఎగరడానికి కాదు అన్నయ్యా. రేపు పదింటి తర్వాత గాలి పెరుగుతుందట. పెరిగితే క్యాన్సిల్ చేసేస్తారు. డగ్ మళ్ళీ రాడు."

శనివారం తెల్లారగానే బయల్దేరాం. దారికి రెండువైపులా ఎండిన మొక్కజొన్న, మధ్యలో గడ్డి రన్‌వే, విమానాలుంచే ఓ రేకుల హ్యాంగర్. విమానాన్ని బయటికి నెట్టి ఉంచారు. చెక్క, తీగలు, గుడ్డ. దీంట్లోనా మా పిల్ల ఎక్కేది?

మాధవి డ్రెస్ మార్చుకుంటోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. సమయం చూసి, దండం పెట్టుకుని, చక్రం ముందున్న సిమెంటు పలక మీద కొబ్బరికాయ కొట్టాను. మనం కొత్త స్కూటర్‌కైనా కొడతాం కదా. ఏజాక్స్ కొబ్బరికాయ మరీ ముదురు. రెండు చెక్కలవాల్సింది ముక్కచెక్కలై గడ్డిలోకి ఎగిరింది. దొరికిన ముక్కలు ప్రసాదమని అందరికీ పంచాను. అందరూ మర్యాదగా పుచ్చుకున్నారు.

ఇంతలో డగ్ గారు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆరడుగుల మనిషి, తెల్ల మీసం.

"ఎవరూ ప్రొపెల్లర్ ముట్టుకోవద్దు. ఆ పెంకు ఒక్కటి ఎగిరి ప్రొపెల్లర్ చెక్కకు తగిలినా చాలు, అది విరిగిపోతుంది. అన్ని ముక్కలూ దొరికి, కాయ మళ్ళీ కాయలా కనపడేదాకా ఇంజిన్ వేయడం లేదు."

అది ఆ హ్యాంగర్లో కట్టుబాటట. స్క్రూ పడినా అంతే. మాధవి బయటికొచ్చి విషయం విని నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. "వదినే కదూ పంపింది," అని మాత్రం అని తనూ గడ్డిలో వంగింది.

అందరం వరసగా నిలబడి, తలలు వంచుకుని, గడ్డి వెతుక్కుంటూ నడిచాం. పంచిన ప్రసాదం కూడా వెనక్కి వసూలు చేశాను. తిన్నవాళ్ళ దగ్గర పెంకులు తీసుకున్నాను. బల్లమీద టేపుతో కాయను అతికించాం. తొమ్మిదిన్నర దాటింది. బొటనవేలంత ఖాళీ మిగిలిపోయింది. రన్‌వే చివర గాలి వాటం చూపే గాలిసంచీ మెల్లగా లేవడం మొదలైంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇంకొక్కసారి వెతుకుదాం," అంటూ డగ్ గారు చేతి తొడుగుల కోసం జేబులో చెయ్యి పెట్టారు. అలాగే ఆగిపోయారు. తొడుగులతోపాటు కొబ్బరిముక్క బయటికొచ్చింది.

అక్కడ పెద్దాయన కదా అని మొదటి ముక్క ఆయనకే ఇచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. దాన్నేం చేయాలో తెలీక, పారేస్తే మర్యాద కాదని ఆయన దాచుకున్నారు. ముక్క ఖాళీలో సరిగ్గా కూర్చుంది. డగ్ గారి ముఖం కందిపోయింది. అందరికంటే ముందు నవ్వింది మాధవే.

"ఇప్పుడు వెళ్ళు. మళ్ళీ ఎవరైనా పూజ చేసేలోపల వెళ్ళు," అన్నారాయన.

ప్రొపెల్లర్‌ను ఆయనే చేత్తో తిప్పారు. ఇంజిన్ దగ్గి, ఉమ్మి, అందుకుంది. నీలం పొగతోపాటు వాసన గుప్పుమంది. ఆముదం. అచ్చమైన మన ఆముదం. చిన్నప్పుడు అమ్మ నడినెత్తిన పెట్టిన ఆముదమే. ఈ ఇంజిన్లకు అదే నూనె అట, ఇంజిన్ తిరుగుతూ దాన్ని నడిపేవాళ్ళ ముఖంమీదే చిమ్ముతుందట. ఆ రోజుల్లో ఇక్కడి కుర్రాళ్ళకు అది కొత్త. మనవాళ్ళకు మాత్రం ఇంటి వాసనే అయ్యుంటుంది.

విమానం గడ్డిమీద గెంతుతూ పోయి, ఎప్పుడు లేచిందో తెలియకుండా లేచింది. మొక్కజొన్న మీదుగా ఒక చుట్టు, రెండో చుట్టు. దిగేటప్పుడే అసలు పరీక్ష. దానికి వేగం తగ్గించే మీట లేదు. బటన్ నొక్కి ఇంజిన్ ఆపుతూ, వదులుతూ దిగాలి. ఎక్కువసేపు నొక్కితే మళ్ళీ అందుకోదు. శబ్దం ఆగినప్పుడల్లా మళ్ళీ వినపడేదాకా అంకెలు లెక్కపెట్టాను. డగ్ గారు ఆమె కంటే ముందే గాల్లో తన బొటనవేలు నొక్కుతున్నారు, వదులుతున్నారు. సగం దూరంలో ఆయన చెయ్యి కిందికి దించేశారు. ఇక అవసరం లేదన్నట్టు నిలబడి చూశారు. చక్రాలు ఒక్కసారి తాకి, ఎగరకుండా అలాగే పరుగెత్తాయి.

నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కళ్ళద్దాలు తీస్తే మాధవి కళ్ళచుట్టూ తప్ప ముఖమంతా నూనె. వద్దు పొమ్మంటే పోని ఆ కుర్రాళ్ళు ఎలా ఉండేవాళ్ళో ఫొటోల్లో చూశాను. ఆ రోజు ఎదురుగా చూశాను. డగ్ గారు ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కమాటే అన్నారు. "నేను నిశ్చింతగా ఊరెళ్తాను."

సాయంత్రం రైలెక్కాను. కిటికీ పక్క సీటు, తిరుగు ప్రయాణానికి వేడి కాఫీ. ఈ దేశంలో జలపాతాలు చూశాను, మంచుకొండలు చూశాను. ఆ గడ్డిమైదానం ముందు అవేవీ నిలవవు. వీలైతే వేసవిలో వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి.

చాతమ్ దాటాక మాధవి ఫోన్ చేసింది. వెనకాల నవ్వులు వినపడుతున్నాయి.

"అన్నయ్యా, డగ్ అందర్నీ కూర్చోబెట్టి, ఇక మాధవి దగ్గర నేర్చుకునేదెవరని అడిగాడు. ముగ్గురు చేతులెత్తారు."

"మరి నువ్వేమన్నావ్?"

"వచ్చే శనివారం నుంచి రమ్మన్నాను. ముందు రెక్కలు తుడవాలని చెప్పాను. ఉంటాను అన్నయ్యా, వాళ్ళు పిలుస్తున్నారు."