మొక్కు కాపాడిన కుంటి పుంజు

ఇవాళ నరసరావుపేటలో ఒక చికెన్ కొట్టు ముందు, బోనులో కాళ్ళ మీద నిలబడలేని కోళ్ళను చూశాను. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే, ఇది వినండి.

పంతొమ్మిదివందల నలభైల్లో, నా చిన్నతనంలో, నా వెంటే తిరిగే డేగ పుంజు ఒకటి ఉండేది. బండి చక్రం కింద పడి దాని కాలు విరిగింది. మా నాయనమ్మ ఆముదం రాసి, వెదురు బద్ద కట్టి, కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా పాతచీర ఉయ్యాలలో దాన్ని వేలాడదీసింది. మా బాబాయి, ఊరికి పెద్దమనిషి, కత్తి నూరాడు.

"ఏందమ్మా, కుంటిదాన్ని మేపేది? అల్లుడొచ్చాడు, కూరొండు."

"దీన్ని పోలేరమ్మకు ఇస్తానని మొక్కానురా. చెయ్యి వెయ్యి, చూద్దాం!"

మొక్కిన కోడిని ముట్టుకునే ధైర్యం ఆయనకు లేదు. కానీ పోలేరమ్మ కొలుపుల జాతర రోజున తానే దాన్ని చంకన పెట్టుకుని బయలుదేరాడు. నేను ఏడుస్తున్నాను. నాయనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒరేయ్, అవిటి కోడినా అమ్మవారికిచ్చేది? కళ్ళు పోతయ్యిరా! వేరే పుంజునిస్తాలే."

బాబాయి బతికినన్నాళ్ళూ ఆమెను చదువురాని మొద్దు అన్నాడు. ఆయన మనవలు చూడాలనే ఇది రాస్తున్నాను. నేను తర్కశాస్త్రాలు బీరువాల కొద్దీ చదివాను. అంత చక్కని వాదన మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

ఆ పుంజు చానా ఏళ్ళు బతికింది. రోజూ తెల్లారకముందే కుంటుకుంటూ వెళ్ళి, బాబాయి మంచం పక్కనే నిలబడి కూసేది.