కోవా మీద నా పన్ను

నా పై పళ్ళలో ముందు రెండింటికి కుడిపక్కనున్నది మిగతావాటిలా పలకగా ఉండదు. బియ్యపు గింజలా సన్నగా, కొస తేలి ఉంటుంది. ఆ ఒక్క పన్ను కోసం ఇరవై నాలుగేళ్ళు నోరు మూసుకునే నవ్వాను. హైదరాబాదులో డెంటిస్ట్ చదువు పూర్తి చేసినా ఆ సిగ్గు పోలేదు. 2009లో అమెరికాలోని అల్ఫారెట్టాలో ఇద్దరు రూమ్మేట్లతో ఉంటూ మాస్టర్స్ చేస్తున్నప్పుడు, దానికి తొడుగు వేయించుకోవడానికి అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను.

ఆ వారమే క్లాసులో పళ్ళను బట్టి మనిషిని గుర్తుపట్టడం గురించి చెప్పారు. చర్మం మీది పంటిగాట్లను నమ్మలేం, చర్మం సాగుతుంది, వాస్తుంది. కానీ అరుదైన ఆకారమున్న పన్ను పాత ఎక్స్‌రేతోనో, నవ్వుతున్న ఫోటోతోనో సరిపోలితే ఊరూ పేరూ తెలియని మనిషి ఎవరో తేలుతుందట. నాకు నవ్వుతున్న ఫోటో ఒక్కటీ లేదు.

శుక్రవారం సాయంత్రం గుంటూరు రూమ్మేట్ ఫ్రిజ్‌లోంచి పెరుగు డబ్బా తీసి కెవ్వుమంది. దేవుడికని విడిగా దాచిన పాలకోవా అందులో ఉంది. పైబిళ్ళ సగం కొరికి ఉంది.

"ఎంగిలి చేసిందెవరే? ఇంకా నైవేద్యమే పెట్టలేదు!"

"నాకేం తెల్వదు, నేనైతే ముట్టనే లేదు," అంది వరంగల్ రూమ్మేట్.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. గ్లవ్స్ తొడుక్కుని, ఇద్దరిచేతా చీజ్ ముక్కలు కొరికించి, టార్చి వేసి చూశాను. ఎవరివీ సరిపోలేదు. కోవా మీద రెండు వెడల్పాటి గాట్లు, పక్కనే చిన్న గుండ్రటి గుంట.

నా నాలుక దానంతటదే ఆ సన్న పన్ను మీదికి పోయింది. పొద్దున కింద ఫ్రెండ్ కారు హారన్ కొడుతుంటే, మేం తినడానికి ఉంచుకున్న కోవా డబ్బానే అనుకుని ఒక బిళ్ళ కొరికి, మిగతాది సాయంత్రం తిందామని పెట్టేసి పరుగెత్తాను. రెండూ ఒకేలాంటి పెరుగు డబ్బాలు మరి. ఇప్పుడు ఏమీ తేలలేదని తప్పించుకోవచ్చు. నిజం చెప్పాలంటే నోరు తెరిచి ఆ పన్ను చూపించాలి.

చూపించాను.

"దొంగవి నువ్వేనా! ఇంతసేపు మమ్మల్ని ఇంటరాగేట్ చేసినవ్!" అంటూ వరంగల్ పిల్ల నవ్వాపుకోలేక కింద కూలబడింది. గుంటూరు పిల్ల నా గడ్డం పట్టుకుని, "ఇంత ముద్దుగా ఉందే! ఎందుకే దాచుకున్నావ్ ఇన్నాళ్ళూ?" అని, ఎంగిలి కోవా మిగతా సగం నా నోట్లో కుక్కింది. పగలబడి నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని గుర్తే రాలేదు. కింద కూర్చున్నది కెమెరా అందుకుని క్లిక్‌మనిపించింది.

దేవుడికి ఆ రోజు అరటిపళ్ళతో సరిపెట్టాం. సోమవారం నేను అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాను. ఎంత సంతోషంగా చేశానో! ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది. అందులో నా పన్ను స్పష్టంగా కనబడుతుంది, దానికంటుకున్న కోవా కూడా.