ఒక్క తప్పు లేని కాగితం

మొన్న బుధవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, ఇక్కడే అమెరికాలో ట్రాయ్ అనే ఊరి నుంచి మా బావగారి కూతురు ఫోన్ చేసింది. బావగారంటే మా ఆయన అన్నగారు. వచ్చే నెల ఆయనకు ఎనభై నిండుతున్నాయని హాలు బుక్ చేసి పెద్ద ఫంక్షన్ చేస్తున్నారు. "పిన్నీ, డాడీ స్పీచ్ రాశారు. నీకు ఈమెయిల్ చేశాను. కొంచెం గ్రామర్ చెక్ చేస్తావా? డాడీయే నీకు పంపించమన్నారు" అంది. ఆయన రాసింది నేను దిద్దడమా అని కాస్త సంబరపడ్డ మాట నిజమే. ఆ సంబరం రెండో పేజీ దాకానే నిలిచింది. అక్కడ ఆయన రాసినది తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: మా మరదలు ఈ దేశం వచ్చిన కొత్తలో రోజూ మా డైనింగ్ టేబుల్ దగ్గర తనకు ఇంగ్లీషు నేర్పించాను, తను సిద్ధమైందని నమ్మకం కుదిరిన రోజున నేనే తనను కాలేజీకి పంపించాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కగదిలో క్రికెట్ చూసుకుంటున్న మా ఆయనకు చదివి వినిపించాను. "పోనిద్దూ, పెద్దవాడు" అన్నారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. నలభై ఏళ్ల పైచిలుకు కాపురంలో ఆ "పోనిద్దూ" ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నా కోపం రెట్టింపవుతుంది.

మేం ట్రాయ్‌లో దిగింది డెబ్బైల చివర ఒక చలికాలంలో. బావగారు అప్పటికే అక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు, సొంత ఇల్లు, గరాజ్‌లో రెండు కార్లు. మా వీసా కాగితాలు పెట్టి రప్పించింది ఆయనే. ఆ ఉపకారం కాదనను, ఇవాళ్టికీ కాదనను. మా ఆయనకు విడిభాగాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పని దొరికింది. తోడికోడల్ని నేను అక్కయ్య అనేదాన్ని. ఆవిడ బ్యాంకులో పనిచేసేది. ఏడాది దాటని పాపాయి నా చేతికొచ్చింది. అదే ఇప్పుడు ఫోన్ చేసిన పిల్ల. పాలు పట్టడం, నిద్రపుచ్చడం, రాత్రంతా పనిచేసి వచ్చిన మా ఆయన పగలు పడుకుంటే గదిలో చప్పుడు కాకుండా చూడటం, సాయంత్రానికి అందరికీ వంట, ఇదీ నా అమెరికా. పాపాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ ఇంట్లో నా మాట పూర్తిగా వినే మనిషి అదొక్కతే, దానికి మాటలు రాకపోయినా.

నేను బీఎస్సీ చదివి వచ్చాను. దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ ఉందనీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేస్తే ఆసుపత్రిలో ఉద్యోగం వస్తుందనీ, చేరాలంటే ముందు ఇంగ్లీషులో ఒక పరీక్ష రాయాలనీ పోస్టులో వచ్చిన కాగితం చదివి తెలుసుకున్నాను. ఆ మాట అక్కయ్యతో చెప్పాను, అక్కయ్య బావగారితో చెప్పింది. మా వైపు బావగారంటే మామగారితో సమానం. ఎదురుగా కూర్చోం, తలెత్తి మాట్లాడం, ఏం కావాలన్నా అక్కయ్య నోటితో అడిగించుకుంటాం. ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర నన్ను చూడకుండా, పెరుగు గిన్నెను చూస్తూ తీర్పు చెప్పారు. "అమ్మాయిని రోజుకో పేజీ ఇంగ్లీషు వాక్యాలు రాసి టేబుల్ మీద పెట్టమను. నేను కరెక్ట్ చేస్తాను. ఒక్క తప్పు లేని కాగితం ఇచ్చిన రోజున నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను." ఎంత పొంగిపోయానో. ఆ రాత్రి ఫ్యాక్టరీకి బయల్దేరుతున్న మా ఆయనతో బావగారు దేవుడు అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు పళ్లు నూరుకుంటాను.

అలా మొదలైంది. ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన పసుపు కాగితాలు, ఆయన ఎర్ర బాల్‌పెన్ను. పాపాయి పడుకున్నాక మధ్యాహ్నం కూర్చుని రాసేదాన్ని. ఏం రాయాలి? నా బతుకే రాసేదాన్ని. మంచు పడుతోంది, పప్పు మాడింది, అమ్మ దగ్గర నుంచి ఉత్తరం రాలేదు, పాపాయికి పన్ను వచ్చింది. సాయంత్రం ఆయన షూ విప్పకముందే కాగితం అందుకునేవారు. మొదటి నెలల్లో నిజంగానే తప్పులు ఉండేవి, నిజంగానే నేర్చుకున్నాను, అది దాచను. కానీ అమ్మ దగ్గర నుంచి ఉత్తరం రాలేదని నేను రాస్తే వాక్యం కింద గీత పడేదే కానీ, ఎందుకు రాలేదమ్మా అని ఆ ఇంట్లో ఒక్కరూ అడిగేవారు కాదు. అన్నీ చదివేవారు, ఏదీ వినిపించుకునేవారు కాదు.

ఇది చాలదన్నట్టు శనివారాలు ఒకటి. తెలుగువాళ్లు నాలుగైదు కుటుంబాలు ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో చేరేవాళ్లం. మగవాళ్లకు పేకాట, ఆడవాళ్లకు పులిహోర. బావగారికి కాస్త ఉత్సాహం రాగానే జేబులోంచి నా పసుపు కాగితం బయటికి వచ్చేది. పొద్దున్నుంచి మంచు పడుతోంది, నేను చూస్తున్నాను అని నేను రాసుకున్న ముక్కను నా తప్పులతో సహా రాగం తీసి చదివి, "మా మరదలు పొద్దున్నుంచీ మంచునే చూస్తోందట! మరి పప్పు ఎవరు వండారో!" అనేవారు. అందరూ పగలబడి నవ్వేవారు. అక్కయ్యా నవ్వేది. మా ఆయనైతే ఓ ఇబ్బంది నవ్వు నవ్వి ముక్కలు కలుపుకునేవారు. నేను ప్లేట్లు తీసే వంకతో లేచి వెళ్లి సింకు దగ్గర కుళాయి పెద్దగా తిప్పి నిలబడేదాన్ని. ఇంటికొచ్చాక అడిగితే, "సరదాకి అన్నాడు, పోనిద్దూ" అని దుప్పటి కప్పుకునేవారు. మరదలితో సరదాలాడే హక్కు ఆయనకుంది, బావగారికి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో వాళ్లు నాకు ఎక్కడైనా కనబడితే రెండు మాటలు అడగాలి.

ఒక వేసవి పోయింది, కాలేజీ చేరికలూ పోయాయి. కాగితం మీద ఎర్రగీతలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. నాలుగు, మూడు, ఒక్కోసారి రెండు. "ఇంకా రెడీ కాలేదు" అని అక్కయ్యతో చెప్పి పంపేవారు. నిజంగానే నా బుర్ర మందమేమో అనుకున్నాను. మరుసటి వసంతంలో ఒక మధ్యాహ్నం, అవెన్ కింద సొరుగులో దాచుకున్న పాత కాగితాలు ముందేసుకుని, నా తప్పులు నేనే దిద్దుకుందామని కూర్చున్నాను. ఒక పాత కాగితంలో నేను "ఐ గేవ్ మిల్క్ టు ది బేబీ" అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి, పైన "ఐ గేవ్ ది బేబీ మిల్క్" అని రాశారు. బుద్ధిగా నేర్చుకుని ఆ వారమే మళ్లీ ఆయన రాసినట్టే రాశాను. దాన్నీ కొట్టేసి, పైన "ఐ గేవ్ మిల్క్ టు ది బేబీ" అని దిద్దారు. అదే ఎర్ర పెన్ను, అదే వంకర అక్షరం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూశానో తెలియదు. తరువాత మిగతావి వెతికాను. అలాంటివి ఇంకా ఉన్నాయి. దిద్దాల్సినంత తప్పులు నా రాతలో అయిపోయి చాలా కాలమైంది. తప్పుల అవసరం ఆయనకుంది. నేను కాలేజీకి పోతే పాపాయిని ఎవరు చూస్తారు, వంట ఎవరు చేస్తారు, శనివారం జేబులోంచి ఏం తీస్తారు?

ఏడుపు రాలేదు. ఒళ్లంతా చింతనిప్పుల మీద పెట్టినట్టుంది. ఆ రోజు కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాసి టేబుల్ మీద పెట్టాను: "ఐ యామ్ గోయింగ్ టు ది కాలేజ్ ఆన్ మండే టు టేక్ ది టెస్ట్." సోమవారం పరీక్షకు కాలేజీకి వెళ్తున్నాను. తెలుగులో ఆ మాట ఆయన మొహం మీద అనే ధైర్యం నాకు లేదు. ఇంగ్లీషులో ఉంది, ఎందుకంటే ఆ భాషలో ఆయన నాకు బావగారు కారు. పొద్దున లేచి చూస్తే కాగితం దిద్ది ఉంది. వెళ్తున్నాను అన్నది కొట్టేసి "ఐ వుడ్ లైక్ టు గో" అనీ, చివర "ఇఫ్ ఇట్ ఈజ్ కన్వీనియెంట్ ఫర్ ఎవ్రీవన్" అనీ చేర్చారు. అందరికీ వీలైతే వెళ్లాలని ఉందట నాకు! కింద "గుడ్ ట్రై" అని కూడా రాశారు.

సోమవారం ఆయనా అక్కయ్యా ఆఫీసులకు వెళ్లారు, మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి పడి నిద్రపోయారు. నేను చీర మీద కోటు, కాళ్లకు మా ఆయన పాత బూట్లు వేసుకుని, పాపాయిని స్ట్రోలర్ అనే తోపుడు బండిలో కూర్చోబెట్టి బయల్దేరాను. ఆ ఊళ్లో నడిచే మనిషికి దారి లేదు. పెద్ద రోడ్డు పక్కన కరిగిన మంచు, బురద, గడ్డి. పాపాయి దారంతా ఒక షూ విసిరేస్తుంటే నేను ఏరి తొడుగుతూ ఉన్నాను. ఒకాయన కారాపి, నీ కారు ఎక్కడ చెడిపోయిందమ్మా అని జాలిగా అడిగాడు. కారు చెడలేదు, నాకు కారే లేదు అన్నాను. అమెరికాలో పరాయి మనిషితో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే, ఆయనకు అర్థమైంది కూడా. కాలేజీ దాకా దింపుతానన్నాడు కానీ వద్దన్నాను. ఆ రోజు నన్ను ఎవరూ తీసుకెళ్లకూడదని పంతం.

పరీక్ష గదిలో పాపాయిని పక్కన కూర్చోబెట్టి క్రేయాన్లు ఇచ్చింది అక్కడి ఆవిడ. మీ ఇంట్లో ఒక రోజు గురించి రాయమన్నారు. ఏడాదికి పైగా నేను రాస్తున్నది అదే కదా! పెన్ను ఆగలేదు. రాసింది అక్కడికక్కడే చదివి, రెగ్యులర్ క్లాసుకే పంపుతున్నామని ఫారం మీద ముద్ర వేసింది. కాగితం చూపించమన్నాను. పెన్సిల్‌తో ఐదారు చోట్ల గుర్తులున్నాయి. తప్పులున్నాయి కదా అన్నాను, దొరికిపోయినదానిలా. ఆవిడ నవ్వి, "హనీ, ఎవ్రీబడీ మేక్స్ దోజ్" అంది. అందరూ చేసేవేనట. ఒక్క తప్పు లేని కాగితం ఆ కాలేజీ ఏనాడూ అడగలేదు. ఆ షరతు మా డైనింగ్ టేబుల్ దగ్గర పుట్టింది. ముద్ర వేసిన ఫారం కోటు జేబులో పెట్టుకుని, స్ట్రోలర్ తోసుకుంటూ ఇంటిదారి పట్టాను.

సాయంత్రం అక్కయ్య స్ట్రోలర్ చక్రాల బురద చూసి పట్టుకుంది. పెద్ద గొడవైంది. "పిల్లని హైవే పక్కన తిప్పుతుందా? నీకైనా బుద్ధి ఉండక్కర్లేదా?" అని బావగారు మా ఆయన మీద అరిచారు, నేను గదిలో లేనట్టు. "కాలేజీకి వెళ్లాలంటే నన్ను అడగొచ్చు కదమ్మా" అంది అక్కయ్య, ఆ టేబుల్ దగ్గరే రోజూ భోంచేసిన మనిషి. మా ఆయన షిఫ్టుకి బూట్లు తొడుక్కోసాగారు. నేను తలెత్తి, బావగారిని సూటిగా చూసి, "ఐ యామ్ గోయింగ్" అన్నాను. అంతే అన్నాను. ఆయన దిద్దలేదు. ఆ ఆకురాలు కాలంలో క్లాసులు మొదలయ్యాయి, పాపాయి డేకేర్‌కి వెళ్లింది, ఏడాది తిరక్కుండా మేం అద్దె అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. ఆసుపత్రి ల్యాబుల్లో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. చివరికి పిల్లల దగ్గరుండాలని ఇలా ఈ షాంటిలీ ఊరు చేరాం.

ఇక ఈ స్పీచ్ సంగతి. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. "నేనే తనను కాలేజీకి పంపించాను" అన్న ముక్క మాత్రం కొట్టేసి, "తను వెళ్లింది" అని పెట్టి పంపాను. రాత్రికల్లా తిరిగొచ్చింది. దాన్నీ దిద్దారు! "నా ఆశీస్సులతో తను వెళ్లింది" అట. ఫోన్ తీసి ఆ పిల్లకు అంతా చెప్పేశాను, పాల వాక్యం దగ్గర నుంచి చక్రాల బురద దాకా. వాళ్ల నాన్న గురించి అలా చెప్పొచ్చా అని ఆలోచించలేదు.

"నేనున్నానా పిన్నీ? అక్కడ?" అంది అంతా విని.

"ఉన్నావు. దారంతా షూ విసిరేస్తూ ఉన్నావు."

"డాడీకి ఇప్పుడు కంప్యూటర్లో పెద్దవి చేసుకుంటే తప్ప లెటర్స్ కనిపించట్లేదు, పేపర్ చూసి చదవలేరు. ఆ రోజు మైక్‌లో స్పీచ్ చదివేది నేనే" అంది. చదవబోయేది మెల్లగా వినిపించింది. "షీ వెంట్. అండ్ ఐ వెంట్ విత్ హర్."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఏళ్లు గడిస్తే కోపం అదే చల్లారుతుందని నాకు చాలామంది చెప్పారు. నా కోపమేమీ చల్లారలేదు, పెట్టిన చోటే ఉంది. ఇన్నేళ్లు గడవడం వల్ల జరిగిందల్లా, స్ట్రోలర్‌లో కూర్చున్న పిల్ల పెరిగి పెద్దదై మైకు దాకా రావడమే.