వెలగని లైట్లు

ధర్మసాగర్ నుంచి హన్మకొండ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో కారు తాళంచెవి ఉంది. దానికి వాహనపూజ నాడు కట్టిన ఎర్రదారం ఇంకా వెలిసిపోలేదు.

“కారుండంగ బస్సెక్కినవేంది పెద్దయ్యా?” అని నవ్వాను.

“కొన్న వారానికే ఇంజిన్ ఆగింది బిడ్డా. ఎనిమిది నెలలసంది షోరూంలనే ఉన్నది. మార్చియ్యమంటే కంపెనీని అడుగుమంటాండ్రు. బ్యాంకోళ్లు కిస్తీ ఆపుతలేరు. కన్స్యూమర్ కోర్టుల కేసేసిన, ఇయ్యాల మళ్ల వాయిదా.”

ఆ షోరూం ముందే సిగ్నల్ పడి బస్సు ఆగింది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాచి తాళంచెవి బటన్ నొక్కాడు.

“పోయిన వాయిదాకు పోయేటప్పుడు నొక్కితే నా కారు లైట్లు వెలిగినయి” అన్నాడు.

మళ్లీ నొక్కాడు. ఆవరణలో దుమ్ము పట్టిన కార్లలో ఒక్కదాని లైట్లూ వెలగలేదు.

బస్సు కదిలింది. షోరూం కనుమరుగైనా ఆయన బొటనవేలు ఆ బటన్ నొక్కుతూనే ఉంది.