అత్తమ్మ దిష్టి తీసిన గుర్రం

నలభై దాటాక గుర్రమెక్కడం నేర్చుకుంటానంటే ఏ అత్తగారైనా ముక్కున వేలేసుకుంటుంది. మా అత్తమ్మ మాత్రం, "పడితే ముందు తల కాచుకో. చెయ్యి విరిగితే వంట నేను చేస్తాలే," అన్నారు. ఆవిడది కాకినాడ వైపు. పెళ్ళై ఢిల్లీ వచ్చి, సర్కారీ క్వార్టర్లలోనే ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేశారు. మామయ్యగారు పోయాక గురుగ్రామ్‌లో మా ఫ్లాటుకు వచ్చారు. నాది కరీంనగర్. ఆవిడ పులుసులో బెల్లం వేస్తారు, నేను మూతి ముడుచుకుంటాను. అంతకు మించి మా మధ్య పెద్ద పేచీలేమీ లేవు.

నేను సవారీకి వెళ్ళేది ఆరావళి గుట్టల కింద, ఫామ్‌హౌసుల మధ్య ఉన్న ఒక చిన్న గుర్రాలశాలకు. అక్కడ ఎర్రటి మార్వాడీ జాతి ఆడగుర్రం ఒకటుంది. దాని చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి ముట్టుకుంటుంటాయి. ఎంత దూరమైనా అలుపు లేకుండా పోతుంది కాని, పెంకితనంలో దానికి అదే సాటి. శాల దాటిందంటే పరాయి నీళ్ళు ముట్టదు. బకెట్టు ముందు పెడితే వాసన చూసి, ఎవరో విషం కలిపినట్టు తల తిప్పేసుకుంటుంది.

దూరపు సవారీ పోటీల్లో ఇదే మా కొంప ముంచేది. అక్కడ వేగం ఒక్కటే చాలదు. దారిని భాగాలు చేసి, ఒక్కో భాగం అయ్యాక గుర్రాన్ని పశువైద్యుల ముందు నిలబెడతారు. ఇచ్చిన వ్యవధిలోపల దాని గుండె వేగం అరవై నాలుగుకు దిగాలి. కడుపులో పేగుల చప్పుడు వినిపించాలి. కుంటకుండా పరుగెత్తి చూపించాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఇంటికి పొమ్మంటారు. చెమటంతా కక్కి, చుక్క నీళ్ళు తాగని గుర్రానికి గుండె ఎలా దిగుతుంది? వరసగా రెండు శీతాకాలాలు మేం సగం దారిలోనే తిరిగొచ్చాం.

మూడోసారి వెళ్ళేముందు శాల యజమాని, రిటైరైన కర్నల్ గారు, తేల్చి చెప్పేశారు. దానికి వయసు మీద పడుతోంది, ఇదే ఆఖరి పోటీ, ఇకమీదట కొత్తవాళ్ళకు సవారీ నేర్పడానికే అని. నాకు గెలవాలని లేదు. ఆ గుర్రం పేరు పక్కన ఒక్కసారైనా "పూర్తి చేసింది" అని రాయించాలి, అంతే. ఆఫీసులో ప్రమోషన్ కోసం కూడా నేనింత పంతం పట్టలేదు.

ఆగినచోట గుర్రాన్ని పట్టుకోవడానికి, నీళ్ళు పోయడానికి ఒక మనిషి సాయం కావాలి. మా ఆయన ఆఫీసు పని మీద పుణె వెళ్ళారు. "నేను రానా?" అన్నారు అత్తమ్మ. ఆ ఫిబ్రవరి పొద్దున చీర మీద స్వెటరు, స్వెటరు మీద శాలువా, కాళ్ళకు నా పాత స్పోర్ట్స్ షూలు వేసుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కారులో కూర్చున్నారు. దాని పక్కన ఇంకేదో చిన్న మూట ఉంది. అదేమిటని అడిగే తీరిక నాకు లేకపోయింది.

మొదటి భాగం పొగమంచులోనే గడిచింది. తిరిగొచ్చేసరికి గుర్రం మెడ మీద చెమట నురగ కట్టింది. జీను దించాం, ఒళ్ళంతా నీళ్ళు పోశాం. తాగమంటే మాత్రం మామూలే, తల తిప్పేసింది. వేరే బకెట్టయితే నచ్చుతుందేమోనని ట్యాంకరు దగ్గరకు పరుగెత్తాను. తిరిగొచ్చి చూద్దును కదా, అత్తమ్మ దాని ముఖం ముందు పిడికిలి తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కర్నల్ దిష్టి, కార్లలో వచ్చినోళ్ళ దిష్టి..." అని గొణుగుతున్నారు. పిడికిట్లో గళ్ళుప్పు, ఎండుమిరపకాయలు. ఇంత అందమైన గుర్రం ప్రతిసారీ మధ్యలో ఆగిపోతోందంటే అది దిష్టి కాక మరేమిటని ఆవిడ నిర్ధారణ.

గుర్రం ఆ చేతితో పాటే తల తిప్పుతోంది. చుట్లు పూర్తి కాకముందే పిడికిలి అందుకుంది. అత్తమ్మ నవ్వుతూ చెయ్యి విప్పారు. అది ఉప్పంతా నాకేసింది, ఉప్పుతో పాటు మిరపకాయలూ లోపలికి లాగేసుకుంది. పై పెదవి ముక్కు మీదకు మడిచి, పళ్ళన్నీ బయటపెట్టి ఆకాశంకేసి చూసింది. తరవాత నేను తెచ్చిన బకెట్లో మూతి ముంచి గటగటా తాగడం మొదలుపెట్టింది.

రెండేళ్ళుగా చూడాలని పరితపిస్తున్న దృశ్యం అది. తీరా అది జరిగితే, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. పోటీ గుర్రాలకు మిరప నిషేధం. కాళ్ళకు రాస్తే మంటకు ఎగిరెగిరి దూకుతాయని కొందరు వాడేవారట. అందుకని ఆ ఘాటు ఏ రూపంలో ఒంట్లోకి వెళ్ళినా దొంగమందు వాడిన కిందే లెక్క.

"అయ్యో, మిర్చి ఎందుకు పెట్టిన్రు అత్తమ్మా!"

"నేనెక్కడ పెట్టానే? అదే లాక్కుంది."

"ఎవ్వరికి చెప్పకండి. సప్పుడు చేయకుండ కూసోండి." ఎందుకో వివరించే వ్యవధి లేదు, మా వంతు వచ్చేసింది.

నేనేమీ హరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను. చూసినవాళ్ళు ఎవరూ లేరు. నాలుగు ఎండుమిరపకాయలు తిన్నంత మాత్రాన గుర్రానికి రెక్కలు రావు. రోహ్‌తక్ వైపు నుంచి వచ్చిన చిన్నవయసు డాక్టరమ్మ దాని ఛాతీకి స్టెతస్కోపు ఆనించి, వాచీ చూసుకుని, తల ఊపింది. గుండె దిగింది! నేను దాని నుదుటి మీద ముద్దు పెట్టి జీను బిగించాను.

మిగిలింది రెండో భాగం ఒక్కటే. ఆ సవారీ నా జన్మలో మరిచిపోను. మంచు విడిపోయి ఎండ వచ్చింది. ఆవాల చేలు పచ్చగా పూసి ఉన్నాయి. తుమ్మచెట్ల మధ్య మట్టిదారిలో ఒక నీల్‌గాయ్, మన మనుబోతు, అడ్డం వస్తే, ఎప్పుడూ బెదిరే గుర్రం ఈసారి దాన్ని పలకరించినట్టు చూసి ముందుకు సాగింది. దారంతా దానితో తెలుగులో మాట్లాడాను. పొద్దున తినని టిఫిను సంగతి, మా మేనేజరు సంగతి, అది అంటే నాకెంత ఇష్టమో ఆ సంగతి. చెవులు వెనక్కి తిప్పి విన్నది. ఆఖరి వాలులో మోకాళ్ళు మొరాయిస్తున్నా గుర్రం దిగి, దాని పక్కనే నడిచాను.

ముగింపు గీత దాటాం. అక్కడ కూడా అది బకెట్టు ఖాళీ చేసింది. గుండె దిగింది, పేగులు పలికాయి, కుంటలేదు. డాక్టరమ్మ చిరునవ్వుతో కాగితం మీద కలం పెట్టబోయింది.

"డాక్టర్ బేటీ, ఏక్ బాత్ బోల్నా హై," ఒక్క మాట చెప్పాలన్నారు అత్తమ్మ.

నేను ఆవిడ కాలు తొక్కాను. ఆవిడ కాలు పక్కకు తీసుకున్నారు. "ఇస్‌కే పేట్ మే లాల్ మిర్చీ గయా. మేరే హాథ్ సే." ఢిల్లీ హిందీని కాకినాడ యాసలో చెబుతూ, తన చేతిలోని మిరపకాయలు గింజలతో సహా తినేసిందని చేత్తో చూపించారు. పొద్దుట్నుంచి తనకు మనసు మనసులో లేదని, దానికి కడుపునొప్పి వస్తుందేమోనని, ఏదైనా మందు వెయ్యమని బతిమాలారు. పులిహోర డబ్బా మూత కూడా తీయలేదని నేను అప్పుడు గమనించాను.

డాక్టరమ్మ నాకేసి చూసింది. నేను నేల చూశాను. ఆమె వెళ్ళి జడ్జిలతో చాలాసేపు మాట్లాడి వచ్చింది. "సారీ మేడమ్," అంది, గొంతులో నిజంగానే బాధ ఉంది. మేం పోటీలో లేనట్టే. తరవాత అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చునని, అయినా గుర్రం లద్ది వేస్తేనే కడుపు బాగున్నట్టని, అందాకా కనిపెట్టుకుని ఉండమని చెప్పింది.

డాక్టరమ్మ అటు తిరగగానే నేను విరుచుకుపడ్డాను. "ఒక్క మాట ఆపుకుంటే ఏమైతుండె అత్తమ్మా? ఇదే దానికి ఆఖరిది. ఇంకెన్నడు ఉరుకుతది అది?" మిరపకాయ నిషేధం సంగతి అప్పుడు చెప్పాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "ముందే చెప్పుంటే ఉత్త ఉప్పుతో తీసేదాన్ని కదే." గుర్రం మెడ నిమిరారు. "అయినా చెప్పేదాన్నేలే. నోరు లేని జీవం. అది కడుపునొప్పితో దొర్లుతుంటే, నీ సర్టిఫికెట్టు దానికి వాముకషాయం కాచిపోస్తుందా?"

నాకు ఏడుపొచ్చింది. మైదానం అవతల షామియానా కింద మైకు పెట్టి మెడల్స్ ఇవ్వడం మొదలైంది. అత్తమ్మ ఎక్కణ్ణుంచో ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి, గుర్రం తోక కనబడేలా వేసుకుని కూర్చున్నారు. నేను పగ్గం పట్టుకుని పక్కన నిలబడ్డాను. మైకులో ఒక్కో పేరూ పిలుస్తున్నారు. మా ఇద్దరి చూపూ ఒక్కచోటే ఉంది.

చాలాసేపటికి గుర్రం తోక ఎత్తింది. పొగలు కక్కుతూ ఉండలు ఉండలుగా లద్ది పడింది.

అత్తమ్మ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. "శాభాష్ అమ్మడూ! శాభాష్!" అని కేక పెట్టారు. నేను పగ్గం వదిలేసి మరీ కొట్టాను. షామియానా కింద అప్పుడే మెడల్ మెడలో వేయించుకుంటున్న పెద్దమనిషి, ఆ చప్పట్లు తనకే అనుకుని మా వైపు తిరిగి తల వంచి నమస్కారం పెట్టాడు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుని ఆయనకు తిరిగి నమస్కారం పెట్టి, పులిహోర డబ్బా మూత తీశారు.